జీపు స్టీరింగ్ కొట్టుకుంటున్నా, బండి పక్కకి లాగుతున్నా ఏది ముందు చూడాలి

గోకవరం దాటి రంపచోడవరం వైపు వెళ్తుంటే ఒక కల్వర్టు దగ్గర తారు అంచు కాస్త లేచి ఉంది. మా పాత జిప్సీ ముందు చక్రం దాని మీద ఎక్కి దిగింది, అంతే. స్టీరింగ్ చేతుల్లోంచి ఎవరో లాక్కుంటున్నట్టు కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ముందు పెట్టిన నీళ్ల సీసా ఎగిరి కాళ్ల దగ్గర పడింది. స్పీడు అరవై కూడా లేదు. బండి దాదాపు ఆగేదాకా ఆ కొట్టుకోవడం ఆగలేదు. దిగి చూస్తే పైకి ఏమీ కనపడలేదు. చక్రాలు చక్కగా ఉన్నాయి, నట్లు బిగుతుగానే ఉన్నాయి.

తర్వాత రెండు నెలల్లో మూడుసార్లు అలైన్‌మెంట్ (చక్రాల దిశ, వాలు సరిచూడటం) చేయించాను. టైర్లన్నీ బ్యాలెన్స్ చేయించాను. ఒక షాపులో కొత్త స్టీరింగ్ డ్యాంపర్, అంటే స్టీరింగ్ ఊపుని మింగే షాకు లాంటిది, వేశారు. అది వేశాక పది రోజులు హాయిగా ఉంది, తర్వాత మళ్లీ మొదలు. చివరికి తప్పు దొరికింది ఎడమ చక్రం లోపల, కింగ్ పిన్ (చక్రం కుడికీ ఎడమకీ తిరగడానికి ఇరుసు చివర ఉండే పిన్ను) కింది బేరింగులో. ఆ బేరింగు ఖరీదు నేను అలైన్‌మెంట్లకి తగలేసిన డబ్బులో సగం కూడా లేదు.

నేను చేసిన పొరపాటల్లా వెతికే వరస తప్పడమే. చివర చేయాల్సిన అలైన్‌మెంట్ ముందు చేయించాను. ఈ వరస మీకు తెలిస్తే సగం పని ఇంటి దగ్గరే, ఒక జాకీ, ఒక తోడు మనిషి ఉంటే అయిపోతుంది.

రోడ్డు మీద కొట్టుకుంటే

ముందు ఇది చదవండి, మిగతాది తర్వాత చూద్దాం. స్టీరింగ్ కొట్టుకోవడం మొదలవగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. బొటనవేళ్లు స్టీరింగ్ లోపలి చువ్వల మధ్య ఉంటే బయటికి తీసేయండి, అవి విరిగే ప్రమాదం ఉంది. స్టీరింగ్‌ని గట్టిగానే పట్టుకోండి, కానీ ప్రతి ఊపుకీ ఎదురు తిప్పబోకండి. బ్రేకు మెల్లగా నొక్కుతూ ఎడమ పక్కకి తీసుకోండి. స్పీడు పెంచితే ఆగిపోతుందని కొందరు చెబుతారు. ముందు ఇరుసు ఇలా కొట్టుకునేటప్పుడు ఆ మాట వినకండి.

ఒకసారి ఇలా జరిగిన బండిని బాగు చేయకుండా హైవే ఎక్కించకండి. ప్రతిసారీ ఆ ఊపు మిగతా జాయింట్లన్నిటినీ కొంచెం కొంచెం వదులు చేస్తుంది.

అసలు ఏం జరుగుతోందో రాసుకోండి

మేస్త్రీ దగ్గరికి వెళ్లి "స్టీరింగ్ ఊగుతోంది" అంటే ఆయనకి ఏమీ తెలియదు. ఎప్పుడు, ఎంత స్పీడులో, ఏం చేస్తుంటే అన్నది కావాలి. ఒక కాగితం మీద రాసుకోండి.

డెబ్బై నుంచి తొంభై మధ్యలో సన్నగా వణికి, ఆ పైన తగ్గిపోతోందా? అయితే ఎక్కువగా టైరు, రిమ్ము, బ్యాలెన్సింగ్ వైపు చూడాలి. గుంట మీదో, బ్రిడ్జి జాయింటు మీదో ఎక్కాక ఉన్నట్టుండి పెద్దగా కొట్టుకుని, బండి నెమ్మదిస్తే గానీ ఆగడం లేదా? అప్పుడు ముందు ఇరుసు జాయింట్లలో ఎక్కడో ఆట, అంటే వదులు, ఉంది. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణుకుతుంటే బ్రేకు డిస్కు గానీ డ్రమ్ము గానీ సమానంగా లేదు. వణుకు స్టీరింగ్‌లో కాకుండా సీటు కింద, ఫ్లోరులో తెలుస్తుంటే వెనక టైర్లనీ, ఇరుసుకి బలం చేర్చే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టునీ అనుమానించాలి.

లాగడం కూడా అంతే. ఎప్పుడూ లాగుతోందా, బ్రేకు నొక్కితేనా, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఒక పక్కకి, వదిలితే ఇంకో పక్కకా? ఈ మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు.

మీ బండి ముందు ఇరుసు ఏ రకం?

కింద వంగి చూడండి. జిప్సీలో, పాత మహీంద్రా జీపుల్లో ముందు కూడా వెనక లాగే ఒకే ముక్క ఇరుసు, కింద కమాను కట్టలు ఉంటాయి. 2023లో మన దగ్గరికి వచ్చిన జిమ్నీలోనూ, జీప్ రాంగ్లర్‌లోనూ ముందు ఒకే ముక్క ఇరుసే, కానీ కమాన్ల బదులు కాయిల్ స్ప్రింగులు. ఆ ఇరుసు పక్కలకి జరగకుండా ఛాసిస్ నుంచి అడ్డంగా ఒక రాడ్డు పట్టి ఉంచుతుంది, దాన్నే పాన్‌హార్డ్ రాడ్ అంటారు. 2020 నుంచి వస్తున్న థార్, స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటి వాటిలో ముందు రెండు చక్రాలూ దేనికది విడివిడిగా కదులుతాయి.

గుంట తగిలితే రెండు చక్రాలూ కలిసి ఊయలలా కొట్టుకునే జబ్బు ముఖ్యంగా ఒకే ముక్క ఇరుసు ఉన్న బండ్లది. ఆసుపత్రిలో స్ట్రెచర్ తోస్తుంటే ఒక చిన్న చక్రం గడగడా ఊగడం చూసే ఉంటారు, ఇదీ అలాంటిదే. గుంట ఒక చక్రాన్ని పక్కకి తిప్పుతుంది, అది తిరిగి నేరుగా రాబోయి, ఆట ఉండబట్టి అవతలికి దాటిపోతుంది. మధ్యలో టై రాడ్ కలిపి ఉంది కనక రెండో చక్రం కూడా దాంతో పాటే ఊగుతుంది. బండి ముందుకి పోతున్న బలమే ఆ ఊపుని పెంచుతుంది.

జాకీ కన్నా ముందు

బురదలో తిరిగి వచ్చాక మొదలైన వణుకైతే రిమ్ముల లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి. నల్లరేగడి ఒక పక్కన పేరుకుని ఎండిపోతే రాయిలా అయిపోతుంది. ఎంత మంచి బ్యాలెన్సింగ్ అయినా దాని ముందు పనికిరాదు. జోరుగా నీళ్లు కొట్టి లోపలి వైపు కడిగించండి. చాలామందికి సమస్య ఇక్కడే తీరిపోతుంది.

తర్వాత గాలి. బండి చల్లగా ఉన్నప్పుడు, తలుపు దగ్గర స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో ఉన్న లెక్క ప్రకారం, ముందు రెండు టైర్లలో ఒకే ప్రెషర్ పెట్టండి. ముందు రెండింటి మధ్య నాలుగైదు పాయింట్ల తేడా ఉన్నా బండి గాలి తక్కువ ఉన్న వైపుకి లాగుతుంది. పంక్చర్ షాపు మీటరుని పూర్తిగా నమ్మొద్దు. సొంతంగా చిన్న గేజి ఒకటి కొనుక్కోండి.

చక్రం నట్లు ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు బిగించాలి. కొత్త అల్లాయ్‌లు వేయించాక వణుకు మొదలైతే, ఆ రిమ్ము మధ్య రంధ్రం మీ బండి హబ్బుకి సరిగ్గా కూర్చుంటోందో లేదో చూడండి. రంధ్రం పెద్దదైతే రిమ్ము మధ్యకి రాకుండానే బిగిసిపోతుంది.

టైరుని చూడటానికి ఒక సుద్దముక్క చాలు. చక్రం లేపి, ఏదైనా ఇటుక మీద చెయ్యి ఆనించి, సుద్దని టైరు ట్రెడ్డుకి తగలీ తగలనట్టు పట్టుకుని చక్రం తిప్పండి. గీత అంతటా ఒకేలా పడితే టైరు గుండ్రంగా ఉన్నట్టు. ఒకచోట మాత్రమే దట్టంగా పడి మిగతాచోట తగలకపోతే అక్కడ టైరు ఉబ్బింది, లేదా రిమ్ము వంగింది. సుద్దని రిమ్ము అంచుకి పెట్టి మళ్లీ తిప్పితే ఏది తప్పో తేలిపోతుంది. లోపల తీగ పొర విడిపోయి ఉబ్బిన టైరుని బ్యాలెన్స్ చేయించి వాడకండి, అది పేలుతుంది.

జాకీ ఎక్కించాక

చదునైన నేల మీద, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు గానీ కొయ్య దిమ్మెలు గానీ పెట్టండి. కొన్ని పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల్లో కాకుండా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకి బలం పంచే పెట్టె) వెనక షాఫ్టు మీద పట్టుకుంటుంది. అలాంటి బండికి ఒక వెనక చక్రం లేస్తే హ్యాండ్ బ్రేకు ఉన్నా బండి కదిలిపోతుంది. ఒకే ముక్క ఇరుసు అయితే జాకీ ఇరుసు కింద పెట్టి, స్టాండు మీద దించి, అప్పుడు పని మొదలుపెట్టండి. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి ఎంత చిన్న పనికైనా దూరకండి.

ముందు చక్రాన్ని పైనా కిందా, అంటే గడియారంలో 12, 6 ఉండే చోట పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. టక్ టక్ మంటూ ఆట తెలిస్తే లోపల తోడు మనిషిని బ్రేకు గట్టిగా నొక్కి పట్టమనండి. ఇప్పుడు ఆట పోతే అది చక్రం బేరింగు వదులు. బ్రేకు నొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్ పిన్ బేరింగు గానీ, బాల్ జాయింటు గానీ అరిగింది. ఇంత చిన్న పరీక్షతో ఆ రెండూ వేరైపోతాయి. నా బండి విషయంలో రెండు నెలల పాటు ఎవరూ చేయనిది, నేనూ చేయనిది ఇదే.

తర్వాత 9, 3 ఉండే చోట పట్టుకుని ఊపండి. ఇక్కడ మాత్రమే ఆట ఉంటే టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్సు కదలికని చక్రాలకి చేర్చే రాడ్డు), స్టీరింగ్ బాక్సు వైపు వెళ్లాలి.

చక్రం బేరింగు వదులైతే హబ్బు విప్పి, నట్టు సరిగ్గా బిగించి, తాళం వాషరు మడిచి మూసేయవచ్చు. బేరింగు తిరిగేటప్పుడు గరగరమంటే మాత్రం మార్చేయాలి, బిగించి లాభం లేదు. కింగ్ పిన్ అయితే పైన, కింద రెండు బేరింగులూ మార్చి, షిమ్ములు అనే సన్నటి రేకు బిళ్లలు వేసి తీసి, మాన్యువల్‌లో చెప్పినంత బిగువు తేవాలి. మరీ వదులైతే స్టీరింగ్ కొట్టుకుంటుంది. మరీ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు.

ఇద్దరు మనుషుల పరీక్ష

నాకు దీన్ని నేర్పింది రాజమండ్రిలో ఒక పెద్దాయన, లారీల పని చేసే మేస్త్రి. బండిని జాకీ ఎక్కించనే లేదు. "బాబూ, నువ్వు పైకెక్కి స్టీరింగ్ అటూ ఇటూ ఊపు. ఎక్కువ వద్దు, గుప్పెడంత. నేను చాలనేదాకా ఆపకు" అని కిందికి దూరాడు. ఏ పనిముట్టూ తీసుకోలేదు. ఒక్కో జాయింటు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని పడుకున్నాడు. రెండు నిమిషాల తర్వాత "ఇక్కడ చెయ్యి పెట్టి చూడు" అని నన్ను కిందికి పిలిచి, తను పైకెళ్లాడు. డ్రాగ్ లింకు చివర జాయింటు మీద చెయ్యి పెట్టాను. రాడ్డు కదిలిన తర్వాత ఒక లిప్తపాటు ఆగి గానీ దాని అవతలి ముక్క కదలడం లేదు. కంటికి కనపడని ఆ ఆలస్యం అరచేతికి చిన్న దెబ్బలా తెలిసింది. కింగ్ పిన్నుతో పాటు మా బండిలో ఉన్న రెండో తప్పు అది.

మీరూ ఇలాగే చేయండి. చక్రాలు నేల మీదే ఉండాలి, అప్పుడే జాయింట్ల మీద బరువు పడి నిజమైన ఆట బయటపడుతుంది. పవర్ స్టీరింగ్ అయితే ఇంజన్ ఆన్‌లో ఉంచి, బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి అడ్డం పెట్టి చేయండి. ఫ్యాను, బెల్టుల దగ్గరికి చేతులు పోనివ్వకండి. స్టీరింగ్ బాక్సు నుంచి మొదలుపెట్టి వరసగా చక్రం దాకా రండి.

మొదట స్టీరింగ్ బాక్సు ఛాసిస్‌కి బిగించిన బోల్టులు. బాక్సే కదులుతుంటే బోల్టు వదులైనా అయి ఉండాలి, అక్కడ ఛాసిస్ పగిలైనా ఉండాలి. పగులు తుప్పు గీతలా కనపడుతుంది, టార్చి వేసి తుడిచి చూడండి. తర్వాత బాక్సు నుంచి బయటికి వచ్చే చేయి లాంటి పిట్‌మన్ ఆర్మ్, డ్రాగ్ లింకు రెండు చివరలూ, టై రాడ్ రెండు చివరలూ. కాయిల్ స్ప్రింగు బండి అయితే పాన్‌హార్డ్ రాడ్ రెండు చివరల మీద ఎక్కువసేపు ఆగండి. బోల్టు తన రంధ్రంలోనే పక్కకి జరుగుతుంటే రంధ్రం కోలగా అరిగిపోయిందని అర్థం, కొత్త బోల్టు వేసినా ఆగదు. ఆ బుష్షు బోల్టుని చివరి బిగింపు బండి బరువు నేల మీద ఉన్నప్పుడే ఇవ్వాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

కమాను బండి అయితే కమాను చివర ఊగే షేకిల్ బుష్షులు, ఇరుసుని కమానుకి కట్టి ఉంచే యు-బోల్టులు చూడండి. యు-బోల్టు వదులైతే ఇరుసు కమాను మీద జరుగుతుంది. కట్టల మధ్య బోల్టు తెగితే ఇంకా ఎక్కువ జరుగుతుంది. రెండు పక్కలా ముందు హబ్బు మధ్య నుంచి వెనక హబ్బు మధ్యకి టేపుతో కొలవండి, చక్రాలు నేరుగా పెట్టి. ఒక పక్కకీ ఇంకో పక్కకీ సెంటీమీటరు తేడా ఉందంటే ఏదో ఒక ఇరుసు తన చోట లేదు.

స్టీరింగ్ బాక్సు పైన ఉండే సర్దుబాటు స్క్రూ చూసి చాలామంది దాన్నే తిప్పేస్తారు. దయచేసి ఆఖరికి ఉంచండి. బాక్సు మధ్యలో ఎక్కువ అరుగుతుంది. మరీ బిగిస్తే మలుపులో స్టీరింగ్ పట్టేస్తుంది, ఘాట్ రోడ్డులో అది చాలా ప్రమాదం.

ఇక డ్యాంపర్. అది ఊపుని మింగుతుంది, ఊపు పుట్టడానికి కారణాన్ని ముట్టుకోదు. కొత్త డ్యాంపర్‌తో జబ్బు తగ్గిందంటే జాయింట్లలో తప్పు ఇంకా మిగిలే ఉందన్నమాట. విప్పి చేత్తో లాగి నెట్టి చూడండి. రెండు వైపులా ఒకేలా బిగువుగా కదలాలి, మధ్యలో ఖాళీగా జారకూడదు, నూనె కారకూడదు. అలా లేకపోతే మార్చండి, కానీ మిగతావన్నీ బాగు చేశాకే.

పక్కకి లాగుతుంటే

మనం ఎడమ పక్కన నడిపే దేశం. వాన నీళ్లు పోవడానికి రోడ్డుని ఎడమ అంచు వైపు కాస్త వాలుగా వేస్తారు. స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే బండి నెమ్మదిగా ఎడమకి జరగడం జబ్బు కాదు. చదునైన ఖాళీ మైదానంలో నలభై స్పీడులో చూసి, అక్కడా లాగితేనే ముందుకెళ్లండి.

గాలి సరిగ్గా ఉన్నా లాగుతుంటే ముందు రెండు టైర్లనీ ఒకదాని స్థానంలో ఇంకొకటి వేయండి. లాగే వైపు మారిపోతే తప్పు టైరుది, అలైన్‌మెంట్ జోలికి పోవక్కర్లేదు. టైరు పక్కన తిరిగే దిశ చూపే బాణం ఉంటే ఇలా మార్చకూడదు, అప్పుడు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ అదే పక్కన వేసి చూడండి.

టైరు కాకపోతే బ్రేకు. గట్టిగా బ్రేకు వేయకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపండి. ముందు చక్రాల దగ్గర చెయ్యి తగలకుండా దగ్గరగా పెట్టి చూడండి. ఒక పక్క వేడి కొలిమిలా, ఇంకో పక్క గోరువెచ్చగా ఉంటే వేడిగా ఉన్న పక్క బ్రేకు వదలడం లేదు, బండి ఆ పక్కకే లాగుతుంది. చక్రం లేపి బ్రేకు నొక్కి వదలండి. చక్రం తిరగకుండా ఉండి, బ్లీడర్ నిపుల్ (బ్రేకు లైనులో గాలి తీసే చిన్న మర) వదులు చేయగానే స్వేచ్ఛగా తిరిగితే పిస్టన్ కాదు, ఆయిల్ వెనక్కి పోవడం లేదు. పాత రబ్బరు బ్రేకు పైపు లోపల ఉబ్బి మూసుకుపోవడం ఇందుకు తరచూ కారణం. పైకి అది కొత్తదానిలా కనపడుతుంది. నిపుల్ విప్పాక బ్రేకు లైనులో గాలి తీయించకుండా బండి కదపకండి.

బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే లాగుతుంటే లెక్క తిరగబడుతుంది. బండి బాగా పనిచేస్తున్న బ్రేకు వైపుకి పోతుంది, తప్పు రెండో పక్కన ఉంటుంది. అక్కడ పిస్టన్ పట్టేసి ఉండొచ్చు, లైనింగు మీద గ్రీజో నూనెనో పడి ఉండొచ్చు.

యాక్సిలరేటర్ ఇస్తే ఒక పక్కకి, వదిలితే ఇంకో పక్కకి జరుగుతుంటే వెనక ఇరుసు చూడండి. వెనక యు-బోల్టు వదులైనా, ఇరుసుని ఛాసిస్‌కి పట్టి ఉంచే ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్షు చిరిగినా వెనక ఇరుసే బండిని తిప్పేస్తుంది.

ఫోర్ వీల్ వల్ల వచ్చేవి

అవసరమైనప్పుడే వేసుకునే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో, ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో ఉంచి నడిపితే మలుపులో స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి నేరుగానే పోతానని మొండికేస్తుంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ తిరగాల్సిన దూరం వేరు, మధ్యలో ఆ తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు. ఇది రిపేరు కాదు, లీవరు టూ వీల్‌లోకి నిజంగా వచ్చిందో లేదో చూడండి. లీవరు వచ్చినా లోపల పట్టేసి ఉంటే కొంచెం దూరం రివర్సులో నేరుగా నడిపితే వదులుతుంది.

హబ్బు మీద తిప్పే లాకు ఉన్న బండి అయితే రెండు పక్కలా ఒకే స్థానంలో ఉందా చూడండి. ఒక పక్క లాకు, ఒక పక్క ఫ్రీ మర్చిపోవడం చాలా మామూలు. టూ వీల్‌లో రెండు హబ్బులూ ఫ్రీ చేశాక ఫ్లోరు వణుకు పోతే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు చూడాలి. నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. కొత్తవి రెండే కొని ముందు వేసి ఫోర్ వీల్‌లో తిప్పితే ఆ తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేసు మోస్తుంది.

అలైన్‌మెంట్ ఇప్పుడు

ఆట అంతా తీసేశాక అలైన్‌మెంట్‌కి వెళ్లండి. ఒకే ముక్క ఇరుసు బండిలో అక్కడ మార్చగలిగేది టో, అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం, మాత్రమే. ఆ తర్వాత డ్రాగ్ లింకు పొడవు సర్ది స్టీరింగ్ మధ్యకి తెస్తారు. ఇరుసు వంగకపోతే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) ఉన్నట్టే ఉంటుంది. బిల్లులో క్యాంబర్ సరిచేశామని రాసి ఉంటే ఏం చేసి మార్చారో అడగండి. విడివిడి చక్రాల బండిలో మాత్రం క్యాంబర్, క్యాస్టర్ (చక్రం తిరిగే పిన్ను లేదా జాయింట్ల వరస పైభాగం వెనక్కి వాలడం) సర్దే వీలు చాలావాటిలో ఉంటుంది. అక్కడ క్యాస్టర్ తక్కువ ఉన్న పక్కకి, క్యాంబర్ బయటికి ఎక్కువ వాలిన పక్కకి బండి లాగుతుంది.

బండి ఎత్తు పెంచిన వాళ్లు అలైన్‌మెంట్ ప్రింటులో క్యాస్టర్ అంకె తప్పకుండా చూడండి. అది పడిపోతే అన్ని జాయింట్లూ కొత్తవైనా స్టీరింగ్ తేలిపోతుంది. కమాను బండికి కట్టకీ ఇరుసుకీ మధ్య వాలు ముక్క పెట్టి సరిచేస్తారు, కానీ దాంతో ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కోణం కూడా మారుతుంది, అది చూసే మేస్త్రీ దగ్గరే చేయించండి.

అంతా బిగించాక ప్రతి జాయింటు నట్టుకీ స్ప్లిట్ పిన్ను కొత్తది వేయించండి, పాతది వంచి మళ్లీ పెట్టనివ్వకండి. తర్వాత తెల్ల పెయింటుతో ప్రతి నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక సన్నని గీత గీయండి. యు-బోల్టులకి కూడా. రెండు వందల కిలోమీటర్లు తిరిగాక టార్చి వేసి కిందికి వంగితే చాలు, గీత విరిగిన నట్టు ఏదో వెంటనే కనపడుతుంది.